రికార్డులో 4.70 రాయాలా, 4.89 రాయాలా?

ప్రశ్న: ఈఈఈ ఫస్టియర్ చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. సర్క్యూట్స్ ల్యాబ్‌లో థెవెనిన్ థీరమ్ చేశాం: 12 వోల్టుల సప్లై, సిరీస్‌లో 1 కిలో ఓమ్, అడ్డంగా 2.2 కిలో ఓమ్, లోడ్ 1 కిలో ఓమ్. లెక్క ప్రకారం లోడ్ కరెంట్ 4.89 మిల్లీ ఆంపియర్లు రావాలి, మాకు 4.70 వచ్చింది. "4.89 వేసేయ్, ఎవరు చూస్తారు" అంటున్నారు బ్యాచ్‌లో. సీనియర్ రికార్డు చూసి రాసేద్దామా అనిపిస్తోంది, సొంతంగా ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్. గేట్ రాసి కోర్ ఉద్యోగానికి, అంటే ఎలక్ట్రికల్ వైపే వెళ్లాలని ఉంది. రికార్డుల మీద అంత టైమ్ పెట్టడం అవసరమా సార్?

జవాబు: 4.70 రాయండి. ఆ తేడా ఎందుకొచ్చిందో రెండు ముక్కలు కలపండి. మీరు టైమ్ పెట్టాల్సింది అక్కడే.

థెవెనిన్ ఫ్రాన్స్‌లో టెలిగ్రాఫ్ ఇంజనీరు. సప్లైలు, రెసిస్టర్లు ఉన్న సర్క్యూట్‌ని ఒక వోల్టేజీ, దానికి సిరీస్‌లో ఒక రెసిస్టెన్స్‌గా కుదించి చూడొచ్చన్న ఈ సిద్ధాంతాన్ని ఆయన ప్రచురించింది 1883లో. అది నిజమో కాదో ఇప్పుడు మీ బ్రెడ్‌బోర్డ్ మీద తేలాల్సిన పని లేదు. తేలాల్సింది మీరు పెట్టిన కనెక్షన్, మీరు తీసిన రీడింగ్. రికార్డు చివర 'హెన్స్ వెరిఫైడ్' అని అందరూ రాస్తారు, ఏది వెరిఫై అయిందో మాత్రం ఎవరూ రాయరు.

ఇప్పుడు మీ 0.19 తేడా సంగతి. నాలుగు శాతం కంటే కాస్త తక్కువ. రెసిస్టర్ మీద చివరి బ్యాండ్ బంగారు రంగులో ఉందా? అంటే రాసిన విలువకి అటూ ఇటూ 5 శాతం ఉండొచ్చని అర్థం. వచ్చే క్లాసులో ఆ మూడు రెసిస్టర్లనే అడిగి తీసుకుని, సర్క్యూట్‌లో పెట్టకముందే మల్టీమీటర్‌తో కొలవండి. మాటవరసకి 1040, 2150, 1010 ఓమ్‌లు వచ్చాయనుకుందాం. మూడూ 5 శాతం లోపలే ఉన్నాయి, ఏదీ పాడైంది కాదు. వీటితో మళ్లీ లెక్క కడితే థెవెనిన్ వోల్టేజీ 8.25 కాస్తా 8.09 అవుతుంది, థెవెనిన్ రెసిస్టెన్స్ 687.5 నుంచి 701కి వెళ్తుంది. కరెంట్ కొలిచే మీటర్‌కీ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. మామూలు డిజిటల్ మీటర్‌లో 20 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌లో అది 10 ఓమ్‌ల దాకా ఉండొచ్చు. 8.09ని 701, లోడ్ 1010, ఈ 10 కలిపిన మొత్తంతో భాగించండి: 4.70! మీ రెసిస్టర్లకి అంకెలు వేరేగా రావొచ్చు, దారి మాత్రం ఇదే. తేడాలో మీటర్ వాటా అర శాతం పైచిలుకే, మిగతాదంతా రెసిస్టర్లదే అని కూడా ఇక్కడే తెలిసిపోతుంది. వైవాలో 'మీ రీడింగ్ ఎందుకు తగ్గింది' అని అడిగితే 4.89 వేసినవాళ్ల దగ్గర జవాబు ఉండదు. అసలు వాళ్లని ఆ ప్రశ్నే అడగరు, అదీ నష్టమే.

దీనికోసం ల్యాబ్‌లో ఎవరితోనూ వాదన పెట్టుకోకండి. రికార్డులో ఎడమవైపు తెల్ల పేజీ ఉంటుంది కదా, టేబుల్‌లో మూడు గళ్లు గీయండి: రాసిన విలువలతో లెక్క, కొలిచిన విలువలతో లెక్క, మీటర్ రీడింగ్. 4.89 కూడా అందులోనే ఉంటుంది, సంతకం పెట్టేవారికి ఇబ్బంది ఉండదు. లెక్కలో 4.8889 అని నాలుగు దశాంశాలు మాత్రం దించకండి. మీటర్ చూపించేది రెండే.

ఎయిమ్, అపారటస్, ప్రొసీజర్ మాన్యువల్‌లో ఉన్నట్టే రాసుకోండి, వాటి మీద బుర్ర పెట్టక్కర్లేదు. కానీ ప్రికాషన్స్ ఒకసారి చదవండి. 'ప్యారలాక్స్ ఎర్రర్ లేకుండా రీడింగ్ తీయాలి' అని ఏళ్ల తరబడి ఒక రికార్డులోంచి ఇంకో రికార్డులోకి దిగుతూనే ఉంది. ముల్లుని పక్కనుంచి చూస్తే వచ్చే తప్పు అది. డిజిటల్ మీటర్‌లో ముల్లే లేదు, ప్యారలాక్స్ ఎక్కడిది? దాని బదులు మీరు నిజంగా పాటించింది రాయండి: కరెంట్ మీటర్‌ని సప్లైకి నేరుగా పెట్టలేదు, రెసిస్టర్ కొలిచేటప్పుడు దాన్ని సర్క్యూట్‌లోంచి తీశాం.

ఇక ఉద్యోగం మాట. గేట్ స్కోరుకి ఈ రికార్డు ఒక్క మార్కు కూడా కలపదు, అది నిజం. కానీ కోర్‌లోకి వెళ్లాక చేసే పని చాలావరకు ఇదే. సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) పెట్టి ఇన్సులేషన్ చూసేటప్పుడు రీడింగ్ పక్కనే ఆనాటి ఉష్ణోగ్రత కూడా రాస్తారు, వేడి పెరిగితే రీడింగ్ తగ్గుతుంది కాబట్టి. ఎవరో ఒకరు 'పోయినసారి ఎంతో అంతే' అని వేసేస్తే, ఇన్సులేషన్ నిజంగా దెబ్బతింటున్న సంగతి కాగితం మీద కనిపించదు.

ఇంగ్లిష్ గురించి భయం వద్దు. రిపోర్టుకి కావాల్సింది అయిపోయిన పని చెప్పే చిన్న చిన్న వాక్యాలు. ఏం కలిపాం, ఏం కొలిచాం, ఎంత వచ్చింది, ఎందుకు తేడా. ముందు మీ పక్క బెంచీ అతనికి తెలుగులో చెప్పండి. అతను "ఓహో, రెసిస్టర్లా" అన్నాడంటే, ఆ చెప్పిన నాలుగు మాటలే ఇంగ్లిష్‌లో పెట్టేయండి. ల్యాబ్ అయిన రోజు సాయంత్రమే రాయండి, వారం ఆగితే ఏ రెసిస్టర్ ఎంతో గుర్తుండదు, మళ్లీ సీనియర్ రికార్డే దిక్కవుతుంది.