కరపత్రం మీద మిగిలిన పేరు

ప్రశ్న: నార్త్ కరోలినాలో మేము కొన్న పాత ఇంటి అటక మీద స్టాక్ కార్ పందేల (మామూలు రోడ్డు కార్ల నమూనాలతో జరిపే పందేల) కరపత్రం ఒకటి దొరికింది. అందులో "ఆదివారం, జులై 4" అని ఉంది కాని సంవత్సరం లేదు. ఊరి శివార్లలోని అర మైలు మట్టి ట్రాక్ పేరు, టికెట్టు 1.25 డాలర్లు, పన్ను 25 సెంట్లు, మొత్తం 1.50 డాలర్లు అన్న వివరాలు ఉన్నాయి. అడుగున ప్రమోటరుగా, అంటే పందెం ఏర్పాటు చేసినవారిగా, ఒకరి ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలు అచ్చయ్యాయి. నేను చూసిన రేసుల చరిత్ర పుస్తకాలలో ఆయన ఎక్కడా లేరు. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి?
- షార్లెట్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు సంవత్సరం తేల్చుకుందాం, దానికి కావలసినదంతా మీ కరపత్రంలోనే ఉంది. ఈ పందేలు పుంజుకున్న తొలి రెండు దశాబ్దాలలో జులై 4 ఆదివారం నాడు వచ్చిన సంవత్సరాలు 1937, 1943, 1948, 1954 మాత్రమే. 1942 జులై ఆఖరు నుంచి యుద్ధం ముగిసేదాకా అమెరికాలో మోటారు పందేలను ప్రభుత్వం ఆపివేసింది కనుక 1943ను కొట్టేయవచ్చు. మిగిలిన మూడింటిలో ఏది అన్నది పన్ను చెబుతుంది. వినోదాల ప్రవేశ రుసుముపై ఫెడరల్ పన్ను 1937లో 10 శాతం ఉండేది. 1944 ఏప్రిల్‌లో దానిని 20 శాతానికి పెంచి, 1954 ఏప్రిల్‌లో మళ్లీ 10కి తగ్గించారు. 1.25 డాలర్ల మీద 25 సెంట్లంటే సరిగ్గా 20 శాతం. అంటే మీ చేతిలో ఉన్నది 1948 నాటి కాగితం.

ఆయన పేరు పుస్తకాలకు ఎక్కకపోవడానికి కారణం కూడా ఈ సంవత్సరంలోనే ఉందని నా అనుమానం. డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్లో బిల్ ఫ్రాన్స్ అనే ప్రమోటరు 1947 డిసెంబరులో జరిపిన సమావేశాల ఫలితంగా, స్టాక్ కార్ పందేలను నిర్వహించే నాస్కార్ 1948 ఫిబ్రవరి 21న సంస్థగా నమోదైంది. అయితే నేడు అగ్రశ్రేణిగా లెక్కించే పందేల జాబితా 1949 జూన్ 19 నాటి షార్లెట్ రేసుతోనే మొదలవుతుంది. అంతకు ముందు జరిగినవీ, నాస్కార్‌కు పోటీగా ఉన్న సంఘాల నీడన జరిగినవీ ఆ లెక్కలోకి రావు. నార్త్ విల్క్స్‌బరో ట్రాక్ నడిపిన ఇనాక్ స్టేలీ, మార్టిన్స్‌విల్ ట్రాక్ కట్టిన క్లే ఎర్ల్స్ నేటికీ గుర్తున్నారంటే, వారి ట్రాకులు నాస్కార్ పట్టికలో దశాబ్దాల పాటు నిలిచినందువల్లనే. ఒక వేసవిలో నాలుగు పందేలు పెట్టి, వానకో అప్పుకో తట్టుకోలేక తప్పుకున్న మనిషికి ఆ అవకాశం లేదు.

అందుచేత ఆయనను రేసు ఫలితాల్లో వెతకవద్దు. విలేకరి రాసేది గెలిచిన డ్రైవరు గురించే. ప్రమోటరు పేరు పత్రికకెక్కేది ప్రకటన ఇచ్చినప్పుడు, లేదా బహుమతి సొమ్ము చెల్లించనప్పుడు. గేటు వసూళ్లు తీసుకుని పందెం ముగియకముందే ఉడాయించిన ప్రమోటర్ల బెడద, తమందరికీ ఒక సంస్థ కావాలని నాటి రేసర్లు కోరుకోవడానికి ఒక ముఖ్య కారణం. (మీ మనిషి అటువంటివాడని నేననడం లేదు, ఆ కాలంలో ఆ వృత్తికి ఉన్న పేరు అది.) జులై 4కు ముందు రెండు వారాల స్థానిక పత్రికలను, తరువాత వారం పత్రికలను మైక్రోఫిల్ములో పేజీ పేజీ తిప్పి చూడండి. పండుగ ఆదివారం వచ్చింది కనుక సోమవారం సెలవు పాటించిన పత్రికలు ఉండవచ్చు. మంగళవారం సంచిక దాకా వెళ్లండి. నార్త్ కరోలినా పాత పత్రికలు డిజిటల్ఎన్‌సీ అనే ఆన్‌లైన్ సేకరణలో చాలా ఉన్నాయి, కాని స్కాన్ చేసిన పేజీలలో యంత్రం అక్షరాలను తప్పుగా చదువుతుంది కనుక మనిషి పేరుతో కాక ట్రాక్ పేరుతో వెతకడం మేలు. ఒక హెచ్చరిక: ప్రకటనలో పేర్లున్న డ్రైవర్లంతా వచ్చారని గాని, అసలు పందెం జరిగిందని గాని కరపత్రం రుజువు చేయదు.

తరువాత మీ కౌంటీ కోర్టుహౌసుకు వెళ్లండి. అసలు సరుకు దొరికే చోటు అదేనని నా నమ్మకం. రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ కార్యాలయంలో భూమి అమ్మినవారి, కొన్నవారి సూచికలు విడివిడిగా ఉంటాయి. చిన్న ప్రమోటర్లు స్థలాన్ని లీజుకు తీసుకోవడం మామూలు, లీజులు చాలావరకు రిజిస్టరు కావు. కనుక ట్రాక్ ఉన్న భూమి యజమాని ఎవరో ముందు తేల్చి, అటునుంచి రండి. సివిల్ దావాల దస్త్రాలను వదలవద్దు. పైన చెప్పిన 1949 షార్లెట్ రేసులో మొదటి స్థానంలో వచ్చిన గ్లెన్ డనవే కారు వెనుక స్ప్రింగులు మార్చారని తేలి అనర్హత వేటు పడితే, కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్లాండ్ నాస్కార్ మీద 10,000 డాలర్లకు దావా వేశారు. న్యాయమూర్తి కొట్టివేసినా ఆ గొడవ చరిత్రలో నిలిచింది. చెల్లని చెక్కు, కట్టని అద్దె, కూలిన గ్యాలరీ వంటివాటి మీద మీ ప్రమోటరుపై కూడా ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లి ఉండవచ్చు.

పొడి అక్షరాల వెనుక పూర్తి పేరు కావాలంటే 1950 జనాభా లెక్కల కాగితాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నాయి. వృత్తి గడిలో "ప్రమోటరు" అని ఉంటుందని ఆశించకండి. గ్యారేజీ, పెట్రోలు బంకు, పాత కార్ల వ్యాపారం వంటివి చూడండి. ట్రాక్ ఆనవాళ్లకు వ్యవసాయ శాఖ 1930ల నుంచి తీయించిన విమాన ఛాయాచిత్రాలు పనికొస్తాయి. హిల్స్‌బరోలో 1968లో మూతపడిన ఆకొనీచీ ట్రాక్ నేడు అడవి అయినా, దాని వలయం కాలిబాటగా మిగిలే ఉంది.

ప్రశ్న: ఆయన దొంగసారా వ్యాపారి అని పొరుగింటి పెద్దాయన అంటున్నారు. రాయవచ్చునా?

జవాబు: కాగితం దొరికితేనే. అట్లాంటాకు చెందిన పందెపు కార్ల యజమాని రేమండ్ పార్క్స్ సారా కేసులో జైలుకు వెళ్లిన మాట నిజమే కాని, ఆ ఒక్క కథను ఆ తరం వాళ్లందరికీ అంటగట్టడం అలవాటైపోయింది. పన్ను కట్టని సారా ఫెడరల్ నేరం కనుక, కేసు ఉంటే ఆ కోర్టు దస్త్రాలలో ఉండాలి. ఆగ్నేయ రాష్ట్రాల పాత ఫెడరల్ కోర్టు దస్త్రాలను జార్జియాలోని మారోలో ఉన్న జాతీయ అభిలేఖాగార శాఖ భద్రపరుస్తుంది.

ప్రశ్న: కరపత్రాన్ని లామినేట్ చేయించవచ్చా?

జవాబు: వద్దు. వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, దానిని మళ్లీ విడదీయలేరు. రెండు వైపులా స్కాన్ చేసి, ఆమ్లం లేని కాగితపు ఫోల్డరులో చీకటి చోట ఉంచండి. బూన్‌లోని అప్పలాచియన్ స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో స్టాక్ కార్ రేసింగ్ సేకరణ ఉంది. ఆ స్కాన్‌ను వారికి పంపితే, అదే పేరున్న మరో కాగితం వారి పెట్టెల్లో ఉందేమో అడగవచ్చు.