అక్కకి స్లీవ్ సర్జరీ: ముందు ఇంట్లోవాళ్లని సిద్ధం చేయండి

మీరు అడిగింది ఇది: చిత్తూరులో ఉన్న మీ అక్క బరువు 112 కిలోలు, సుగర్ ఉంది, వచ్చే నెల చెన్నైలో స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపుని చిన్నది చేసే ఆపరేషన్). ముందు రెండు వారాల డైట్ నిజంగా అవసరమా, తర్వాత తిండి ఎలా ఉంటుంది, జుట్టు ఊడుతుందా, నడిచి కొండెక్కే మొక్కు ఎప్పుడు తీర్చుకోవచ్చు? నేను తిరుపతిలో ఉంటాను, ఇదే సర్జరీ చేయించుకొని కొన్నేళ్లయింది. డాక్టర్ని కాను. నేను పడింది, డైటీషియన్ దగ్గర తెలుసుకున్నది చెబుతాను.

ఆ డైట్ తప్పదు. బరువు ఎక్కువున్నవాళ్లలో చాలామందికి లివర్‌కి కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది, అది సరిగ్గా కడుపు మీదికే వాలి ఉంటుంది. చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌లో దాన్ని పైకెత్తి పట్టుకుంటే తప్ప కడుపు కనపడదు. అన్నం, సంగటి, చక్కెర మానేసి రెండు వారాలు ప్రోటీన్ మీద ఉంటే లివర్ తగ్గి సర్జన్‌కి పని సులువవుతుంది. మొదట్లో తలనొప్పి, చిరాకు ఉంటాయి, తర్వాత సర్దుకుంటాయి. సుగర్ మందుల డోసు మాత్రం డైట్ మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మార్పించండి, లేకపోతే సుగర్ పడిపోవచ్చు. కొన్ని రకాల సుగర్ మాత్రలు ఆపరేషన్‌కి కొన్ని రోజుల ముందే ఆపేయాలి. వాడే మందుల చీటీ మొత్తం మత్తు డాక్టర్‌కి చూపించండి.

టెస్టుల్లో ఎండోస్కోపీని తేలిగ్గా తీసుకోవద్దు. గుండెలో మంట, పుల్లటి తేన్పులు ముందే బాగా ఉన్నవాళ్లకి స్లీవ్ తర్వాత అవి ఎక్కువ కావచ్చు. అలాంటివాళ్లకి బైపాస్ మంచిదంటారు (గుండెకి చేసేది కాదు, బరువు తగ్గడానికే కడుపుకి చేసే ఇంకో రకం ఆపరేషన్). మీ అక్క గట్టిగా గురక పెడుతుంటే స్లీప్ టెస్ట్ గురించి కూడా అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం ఇప్పుడే తీసి చూడండి. బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి అదుపులో లేని సుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటివి ఉండాలి అనే షరతు ఉంటుంది.

ఇవన్నీ ఆసుపత్రివాళ్లే చెబుతారు. వాళ్లు అంతగా పట్టించుకోనిది ఒకటుంది. ఇంట్లో వంట చేసేది ఎవరో వాళ్లని కూడా ఒకసారి డైటీషియన్ ముందు కూర్చోబెట్టండి. స్లీవ్‌లో కడుపు ముప్పాతిక భాగం పైనే కోసి తీసేస్తారు, మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. మీ అక్కకి అది ఒంటితో తెలుస్తుంది. అమ్మకో అత్తకో ఎలా తెలుస్తుంది? "పచ్చి ఒళ్లు, ఇంకొక్క ముద్ద" అంటారు. ఆ ఒక్క ముద్ద ఎక్కువైతే ఎదలో రాయి పెట్టినట్టు ఆగిపోతుంది, నోట్లో నురగ ఊరుతుంది, అది బయటికి వచ్చేదాకా నిలబడలేం, కూర్చోలేం. మా అత్తమ్మ ఒకసారి అది కళ్లారా చూశాక అటక మీద నుంచి పిల్లల ఉగ్గుగిన్నె దించింది. చాలా నెలలు నా కొలత ఆ గిన్నే.

తిండి మెట్టు మెట్టుగా మారుతుంది. మొదట నీళ్లు, వడకట్టిన సూప్, పప్పుకట్టు, అవీ గుక్క గుక్కగా. తర్వాత పలచటి మజ్జిగ, పాలు, ప్రోటీన్ పౌడర్. ఆపైన మెత్తగా చిదిమినవి, దాదాపు నెలన్నరకి మామూలు తిండి. రాగిజావ తాగొచ్చుగానీ అందులో ప్రోటీన్ తక్కువ. రోజుకి 60 గ్రాములైనా ప్రోటీన్ అందాలి, గుడ్డుకి ఆరు గ్రాములే వస్తుంది, లెక్క మీరే వేసుకోండి. సంగటికి తొందరపడొద్దు. జిగురుగా ముద్దకట్టేది ఏదైనా ఇరుక్కుంటుంది. నేను చాలా రోజులకి గోలీకాయంత ముద్ద, ఊరుబిండి పచ్చడి లేకుండా, పప్పులో ముంచి తిన్నాను. అన్నంతోపాటు నీళ్లు తాగే అలవాటు కూడా పోవాలి. తిన్నాక అరగంట ఆగాలి.

డిశ్చార్జ్ కాగానే చిత్తూరు వచ్చేయకుండా కొన్నాళ్లు చెన్నైలో ఆసుపత్రికి దగ్గర్లో ఉండండి. భుజం నొప్పి కంగారు పెడుతుంది, అది చాలాసార్లు ఆపరేషన్‌లో పొట్ట లోపల నింపిన గ్యాస్ వల్ల, నడుస్తుంటే తగ్గుతుంది. జ్వరం, గుండె దడ, పెరిగే కడుపునొప్పి, ఆయాసం వస్తే మాత్రం వెంటనే సర్జన్‌కి ఫోన్ చేయాలి. కుట్లలోంచి లీక్ ఇంటికొచ్చాక కూడా బయటపడొచ్చు. మందుల షాపులో నొప్పి మాత్ర అడిగి మింగించకండి. ఆగని వాంతులు కూడా ఆలస్యం చేయకూడని విషయమే, బీ1 విటమిన్ పడిపోయి నరాలు దెబ్బతింటాయి.

జుట్టు ఊడుతుంది. మూడో నెల నుంచి దువ్వెన చూస్తేనే ఏడుపొస్తుంది. ప్రోటీన్, ఐరన్ సరిగ్గా అందితే కొన్ని నెలలకి ఆగి మళ్లీ వస్తుంది, నూనెల మీద డబ్బు పోయొద్దు. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఐరన్, క్యాల్షియం మధ్య రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదు. గర్భం విషయం కూడా ముందే మాట్లాడుకోమనండి. ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. బరువు తగ్గేకొద్దీ గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి జాగ్రత్త అవసరం.

బరువు ఎంత తగ్గుతుందంటే, ఉండాల్సిన దానికన్నా అదనంగా ఉన్నదాంట్లో సగం నుంచి ఇంచుమించు 70 శాతం దాకా, ఏడాది రెండేళ్లలో. మీ అక్కకి అదనం 50 కిలోలు అనుకుంటే 25 నుంచి 35. మూడో వారంలో కాటా కదలకపోతే టెన్షన్ పడకండి, చాలామందికి అంతే. మళ్లీ పెరిగేది ఎలాగంటే చికెన్ ముక్క రెండుకి కడుపు నిండుతుంది, మిక్చరు, జ్యూసు, మైసూర్‌పాకు మాత్రం జారిపోతూనే ఉంటాయి. పెళ్లిళ్లలో "పీక్కుపోయావే" అంటూ స్వీటు చేతిలో పెట్టేవాళ్లకి కొదవలేదు. పక్కన మీరుంటే ఆ స్వీటు మీరు తీసుకోండి.

మొక్కు గురించి: మామూలు నడక ఆసుపత్రిలోనే మొదలుపెట్టిస్తారు, మెట్లెక్కడానికి సర్జన్ సరేననాలి. నేనైతే బరువు కొంత దిగి మోకాళ్లు తేలికయ్యేదాకా ఆగమంటాను, స్వామి ఎక్కడికీ పోడు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, తర్వాత చాలా దూరం చదును, మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ కష్టం. దాహమేసినప్పుడు గటగటా తాగడం కుదరదు కాబట్టి బయల్దేరకముందు నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. గుడ్లు కొండ మీదికి తీసుకెళ్లకూడదు, ప్రోటీన్ పౌడర్ కలిపిన సీసా పెట్టుకోమనండి. లడ్డు చిటికెడు చాలు, మిగతాది మీకే.