పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తే రోజు ఎలా గడుస్తుంది?

మీరు విజయనగరంలో ఉంటారని, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తారని, ఇంట్లో మీ అత్తగారు ఉంటారని రాశారు. మూడో తరగతి చదివే బాబుని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తే రోజు ఎలా గడుస్తుందో చేసినవాళ్లు చెప్పమన్నారు. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర పల్లె. 2020లో కరోనాకి బళ్లు మూసేసినప్పుడు ఇంట్లో మొదలైన చదువు, బళ్లు తెరిచాక కూడా అలాగే సాగిపోయింది. పెద్దదానికి ఇప్పుడు పన్నెండేళ్లు, చిన్నాడికి తొమ్మిది. పెళ్లికి ముందూ తర్వాతా కొన్నాళ్లు నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను, అది కొంత కలిసొచ్చింది.

చదువు చెప్పడం గురించి మాత్రం టెన్షన్ పడకండి. అందరూ అదే పెద్ద కష్టమనుకుంటారు. స్కూల్లో ఒక పీరియడ్‌లో హాజరు వేసి, హోంవర్కులు చూసి, వెనక బెంచీల అల్లరి అణిచేసరికి పాఠానికి ఎంతసేపు మిగులుతుందో, అక్కడ పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న ఇద్దరికి చెప్పడానికి అంతసేపు పట్టదు. టిఫిన్లయ్యాక మొదలుపెడితే నేను పొయ్యి దగ్గరికి వెళ్లే వేళకి పుస్తకాల పని అయిపోతుంది. పుస్తకాలు ప్రభుత్వానివే. ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటాయి కనుక ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అన్న గొడవ మా ఇంట్లో లేదు. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో ఉచితంగా దొరుకుతాయి. హిందీ నాకు రాదు. మా వీధి చివర రిటైరైన మాస్టారి దగ్గరికి పంపుతాను.

మిగిలిన పగలంతా ఏం చేస్తారన్నదే అసలు సంగతి. పిల్లలు ఊరికే ఉండరు. ఉప్మాలోకి ఉల్లిపాయలు తరగడం దగ్గర్నుంచి పెరట్లో బీరపాదుకి పందిరి వేయడం దాకా అన్నిటికీ వెంటే వస్తారు. మనం పదినిమిషాల్లో చేసే పని వాళ్లతో ముప్పావుగంట. ఆ ముప్పావుగంట ఓపిక పట్టగలిగిన మనిషి ఇంట్లో ఒకరుండాలి. లేకపోతే పిల్లాడు ఫోన్ పట్టుకుంటాడు, అంతే.

చిన్నాడికి భిన్నాలు ఎక్కలేదు. నేను కాగితం మీద రొట్టె గీసి ముక్కలు చేసి ఎంత చెప్పినా బిక్కమొహం వేసేవాడు. మా అత్తగారు ఇదంతా చూసి, బియ్యం డబ్బా ముందు కూర్చోబెట్టి వాడి చేతికి గిద్ద, అంటే బియ్యం కొలిచే చిన్న కొలపాత్ర, ఇచ్చారు. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక. వాడు గిద్ద గిద్దా పోసుకుంటూ వెళ్లి పదహారోదానికి మానిక నిండగానే నానమ్మలాగే పైన అరచేత్తో చదును చేశాడు. "ఇప్పుడు ఒక గిద్ద తీసేయ్, ఎంతుంది?" అంటే పదిహేను పదహారో వంతులు అన్నాడు. మొదట్లో "బడికెల్లని గుంటలకి సదువేటొస్తాది?" అని నాతో మూడు రోజులు మాట్లాడని మనిషి ఆవిడే. ఇప్పటికీ బడికి పంపమనే అంటారు, అది వేరే సంగతి.

పెద్దది ఇంకో రకం. దాన్ని పొందూరులో ఖద్దరు నూలు వడికే ఒకావిడ ఇంటికి తీసుకెళ్లాను. అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ పళ్లు చాలా సన్నం, వేలు పెట్టి చూస్తే గరుకు తగులుతుంది. మా పిల్ల ఆ ఎముక పట్టుకుని కదల్లేదు. పత్తిలో నలకలు ఎలా వస్తాయి, ఇనప దువ్వెనతో దువ్వితే ఏమవుతుంది అని ఒకటే ప్రశ్నలు. ఆవిడ విసుక్కోకుండా చెబుతూనే ఉంది. తర్వాత రాట్నం చక్రం ఆకులు, అంటే మధ్య నుంచి అంచుకి వెళ్లే పుల్లలు, లెక్కపెడితే 24. చుట్టంతా 360 డిగ్రీలు కదా, రెండు ఆకుల మధ్య కోణం ఎంత అన్నాను. అక్కడే నేల మీద వేలితో భాగించి 15 అంది. ఇంటికొచ్చాక కోణమానిని పెట్టి కాగితం మీద ఆ చక్రం గీసింది. అలాంటి రోజున బడి మాన్పించడం ఎంత మంచి పనో అనిపిస్తుంది. కానీ రోజూ అలా ఉండదండి. చాలా రోజులు ఎక్కాలు, డిక్టేషన్, పెన్సిల్ ఎవరిదన్న కొట్లాట, అంతే.

అమ్మే టీచరైతే ఇంకో తంటా ఉంది. స్కూల్లో మేడం తిడితే అమ్మ దగ్గర ఏడవొచ్చు. మా పిల్లలకి ఆ వీలు లేదు. అందుకే లెక్కల దగ్గర మాటామాటా పెరిగితే పుస్తకం మూసేసి, సాయంత్రం వాళ్ల నాన్నతో చెప్పిస్తాను.

స్నేహితుల సంగతి మీరు అడగలేదు గానీ నాకు దిగులు దాని గురించే. పొద్దున్న ఆటోలూ బస్సులూ వెళ్లిపోయాక సాయంత్రం దాకా వీధిలో పిల్ల అన్నది కనిపించదు. బడి పిల్లలు ఇళ్లకొచ్చాక చిన్నాడు వాళ్ల క్రికెట్‌లో కలిసిపోతాడు. పెద్దది అలా కలవలేకపోయింది. సంగీతం క్లాసులో చేర్చాక ఇద్దరు ముగ్గురు దొరికారు, కాస్త నయం. మీది టౌను కాబట్టి ఆ వీలు మాకన్నా ఎక్కువే.

ఇక కాగితాల గొడవ. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువు చెల్లుతుందనీ లేదు, కూడదనీ లేదు. తల్లిదండ్రులకి శిక్ష అయితే రాయలేదు. బడి బయటి పిల్లల లెక్కకి ఎవరైనా వస్తే నోట్సులు చూపించి మర్యాదగా మాట్లాడతాం. మధ్యలో మనసు మారితే అదే చట్టం ప్రకారం వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, కాబట్టి తలుపు మూసుకుపోదు. పదో తరగతికి ఎన్‌ఐఓఎస్, అంటే కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్, ఉంది. 14 ఏళ్లు నిండాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు, పూర్తి చేయడానికి ఐదేళ్ల గడువు ఇస్తారు. మన ఏపీ ఓపెన్ స్కూల్ కూడా ఉంది. మేం ఎన్‌ఐఓఎస్ అనుకుంటున్నాం. బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు మాత్రం మనకి రావు, ఆ సంగతి మా ఆయన గుర్తుచేస్తూనే ఉంటారు.

మీ విషయంలో నాకు అనిపించింది సూటిగా చెప్తాను. ఇద్దరూ పొద్దున్న వెళ్లి సాయంత్రం వస్తుంటే ఆ భారమంతా మీ అత్తగారి మీద పడుతుంది. ఆవిడని అడిగారా? మీ ప్రశ్నలో ఆ మాట లేదు. ఒకరైనా సగం రోజు ఇంట్లో ఉండే ఏర్పాటు లేకపోతే వద్దనే అంటాను. ఉంటే, వచ్చే వేసవి సెలవుల్లో ఊళ్లకి వెళ్లకుండా, సమ్మర్ క్యాంపుల్లో వేయకుండా ఇలాగే నడిపి చూడండి. జూన్‌లో బళ్లు తెరిచేలోపు మీకే తేలిపోతుంది. అప్పటిదాకా టీసీ మాత్రం తీసుకోకండి.