అపార్ట్‌మెంటు సెక్రటరీ అయిన మేనల్లుడికి

కడప.

చిరంజీవి మేనల్లుడికి మీ మామ ఆశీర్వదించి వ్రాయునది.

అనంతపురంలోని మీ అపార్ట్‌మెంటుకు నిన్ను సెక్రటరీగా ఎన్నుకున్నారని అక్క ఫోనులో చెప్పింది. ఎన్నుకున్నారని ఆమె అన్నది గాని, తక్కినవాళ్లందరూ తప్పించుకొని ఆ బరువు నీ నెత్తిన పెట్టారని నాకు అర్థమైంది. పదేళ్ల కిందట మా ఇరవై నాలుగు ఫ్లాట్ల భవనంలో నాకు జరిగిందీ అదే. పదవి వచ్చి వారం తిరక్కుండానే, మెయింటెనెన్సు కట్టనివాళ్లకు కొళాయి నీళ్లు ఆపిస్తానని నువ్వు పంతం పట్టావని కూడా చెప్పింది. ఆ మాట విన్న తరువాత ఉత్తరం వ్రాయకుండా ఉండలేకపోయాను.

నీళ్లు ఆపే ఆలోచన మానుకో. మీ దగ్గర బాకీ ఉన్న ఫ్లాట్లలో చాలావాటి యజమానులు బెంగళూరులో ఉన్నారు. మా దగ్గరైతే కువైట్‌లో ఉన్నారు. నువ్వు వాల్వు తిప్పితే, మెయింటెనెన్సుతో కలిపి అద్దె కడుతున్న ఇల్లాలు బిందె పట్టుకొని కిందికి దిగుతుందే గాని, ఆ యజమానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. పైగా నీళ్లు ఆపిన సంగతే ఊరంతా చెప్పుకుంటారు, బాకీ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ముప్పై ఏళ్లు ట్రెజరీలో లెక్కలు చూసినవాడిగా నా అభిప్రాయం చెబుతున్నాను. జనం డబ్బు ఇవ్వనిది పిసినారితనం వల్ల కాదు, ఇచ్చిన డబ్బు ఏమైందో తెలియకపోవడం వల్ల. అందుచేత మొదటి నెల ఎవరినీ పాత బాకీ అడగవద్దు. పాత సెక్రటరీ దగ్గర నుంచి బ్యాంకు పుస్తకం, కామన్ మీటరు కరెంటు బిల్లులు, లిఫ్టు కాంట్రాక్టు కాగితం, మోటారు రిపేరు రసీదులు తీసుకో. ఏవి లేవో అవి లేవని వ్రాసి ఆయన చేత సంతకం చేయించుకో. ఆయనను దొంగను చూసినట్టు చూడకు, ఆ మనిషీ నీలాగే బలవంతాన సెక్రటరీ అయినవాడే. తరువాత నెల ఆదాయం, ఖర్చు, మిగులు ఒకే కాగితం మీద, చత్వారం ఉన్నవాళ్లు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో వ్రాసి లిఫ్టు తలుపు పక్కన అంటించు. వాట్సాప్‌లో పెడితే చాలదా అంటావేమో. అక్కడ అది శుభోదయం బొమ్మల కిందికి వెళ్లిపోతుంది.

టాంకర్ల లెక్క మాత్రం నీ చేతిలోనే ఉంచుకో. మీ ఊళ్లో ఏప్రిల్ దాటితే బోరు ఎప్పుడు ఒట్టిపోతుందో తెలియదు గనుక డబ్బు ఎక్కువగా జారిపోయేది అక్కడే. ఒక ఎండాకాలం మాకు టాంకర్లు తోలిన మనిషి నెలాఖరున ఇరవై ఆరింటికి బిల్లు తెచ్చాడు. చదువు రాని మా వాచ్‌మెన్ నన్ను సెల్లార్‌లోకి తీసుకువెళ్లి, సంపు పక్కన గోడ మీద తాను బొగ్గుతో గీసిన గీతలు చూపించాడు. ఐదేసి గీతలకు ఒక అడ్డగీత చొప్పున లెక్కపెడితే పంతొమ్మిది తేలాయి. ఆ గోడకు ఇప్పటికీ నేను సున్నం వేయనివ్వలేదు. కాబట్టి నీ వాచ్‌మెన్ జీతం 5వ తేదీ దాటనివ్వకు, టాంకరు వచ్చినప్పుడల్లా చీటీ మీద అతని వేలిముద్రో సంతకమో ఉండేలా చూడు.

ఇక భవనం సంగతి. పోయిన నెల మీ ఇంటికి వచ్చినప్పుడు లిఫ్టు పనిచేయక మెట్లెక్కుతూ, అలవాటు కొద్దీ మిద్దె మీదికి కూడా వెళ్లాను. వాన నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర, పిట్టగోడ మొదట్లో జానెడు రావి మొక్క ఉంది. ఆకులు లేతగా, చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి గాని, దాని వేరు పగులులోకి దిగి గొట్టాన్ని సగం మూసేసింది. మీ మూడో అంతస్తు ఇంట్లో పడకగది గోడ ఉబ్బి పెచ్చులూడుతున్నదని అంటున్నారే, దానికి మూలం అదే అయి ఉండాలి. పైపైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది. చుట్టూ ఉన్న ప్లాస్టరింగును పగలగొట్టించి వేరుతో సహా తీయించి, ఆ సందును వాటర్‌ప్రూఫింగు కలిపిన సిమెంటుతో పూడ్పించు. రావి చెట్టు పెరకరాదని పెద్దవాళ్లెవరైనా అంటే, తీసిన మొక్కను ఏ చెరువు కట్ట మీదనో నాటించు. వాళ్ల మాటా నిలుస్తుంది, మీ మిద్దే నిలుస్తుంది. ఇది నవంబరు వానల లోపల జరగాలి. 2021 నవంబరులో, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ రోజుల్లో, మా సెల్లార్‌లో చేరిన నీళ్లు లిఫ్టు గుంతలోకి దిగి మూడు వారాలు అందరినీ మెట్లెక్కించాయి. కాలువ ముందే తీయించి ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

ఆ మిద్దె రిపేరుకు పై అంతస్తు వాళ్లే పెట్టుకోవాలని కిందివాళ్లు తప్పకుండా వాదిస్తారు. ఒప్పుకోకు. మిద్దె అందరిదీ, ఖర్చూ అందరిదే. ఒక ఇంటి బాత్‌రూము నుంచి కింది ఇంట్లోకి నీరు దిగితే మాత్రం అది పై ఇంటివాళ్ల బాధ్యత, అందులో అసోసియేషన్ డబ్బు వేలు పెట్టరాదు. లిఫ్టు వాడని కింది ఫ్లాటువాళ్ల వాటా గురించి మా దగ్గర రెండేళ్లు వాదన నడిచింది, చివరకు సగం తగ్గించి ముగించాను. అది న్యాయమో కాదో నేటికీ చెప్పలేను.

నువ్వు పట్టించుకోని విషయం ఇంకొకటి ఉంది. బిల్డరు మీకు ఫ్లాట్లు అప్పగించి నాలుగేళ్లు దాటింది. 2016 నాటి రెరా చట్టం, అంటే బిల్డర్ల మీద అదుపు కోసం చేసిన చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్ల లోపల కట్టడంలోగాని పనితనంలోగాని లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. రావి మొక్క అతని తప్పు కాదు, నిజమే. కాని సెల్లార్ శ్లాబులో చెమ్మ, మెట్ల దగ్గర పగులు అతనివే. ప్రతిదానికీ తేదీ కనిపించేలా ఫోటో తీసి, అసోసియేషన్ పేరుతో, రసీదు చేతికి వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపు. ఫోనులో "చేయిస్తాం సార్" అనే మాటకు మురిసిపోయి ఐదో ఏడు గడిపేయకు.

ఆ ఉత్తరానికి బలం ఉండాలంటే మీ అసోసియేషన్ రిజిస్టరై ఉండాలి గదా. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో అది చేయించుకోవచ్చు. రిజిస్టరు కాగానే ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు బయటికి వచ్చేలా బ్యాంకు ఖాతా తెరిచి, నీ సొంత ఖాతాలోకి వసూలు చేయడం ఆ రోజే ఆపేయి.

వచ్చే నెల రెండో ఆదివారం వస్తాను. ఆ పాత రసీదుల సంచి పారేయకుండా ఉంచు, ఇద్దరం కూర్చొని చూద్దాం. అక్కకు నా అండ చూసుకొని నీతో పోట్లాడవద్దని చెప్పు.

ఇట్లు,
మీ మామ