టెక్ సందేహాలు: టైమింగ్ చైన్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా బండి 150 సీసీ, సింగిల్ సిలిండర్. 50 వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్‌లో ఒక పక్క నుంచి కరకరమని చప్పుడు వస్తోంది. కాస్త వేడెక్కాక తగ్గుతుంది. టైమింగ్ చైన్ అరిగిపోయిందని మెకానిక్ అన్నారు. వీడియోలు చూస్తుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చనిపిస్తోంది. పానాలు, సాకెట్ సెట్టు ఉన్నాయి. ధైర్యం చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. కాకపోతే చైన్ కొనేముందు టెన్షనర్ సంగతి తేల్చుకోండి. చైన్ బాగానే ఉండి, దాన్ని బిగువుగా పట్టుకోవాల్సిన టెన్షనర్ మొరాయించినా అచ్చం ఇదే చప్పుడు వస్తుంది. అప్పుడు రెండు బోల్టులు విప్పితే అయిపోయే పనికి ఇంజిన్ సగం ఊడదీసినట్టవుతుంది.

లోపల జరిగేది ఇదీ. పిస్టన్ తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ పళ్లచక్రానికి క్రాంక్ మీదున్న దానికంటే రెట్టింపు పళ్లుంటాయి. ఈ రెండింటినీ కలిపేది టైమింగ్ చైన్. వాడేకొద్దీ దాని పిన్నులు, అవి తిరిగే రంధ్రాలు అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర పెరిగే ఆట కంటికి కనిపించదు. చైన్ పొడవునా అన్ని కీళ్ల ఆటా కలిస్తే మాత్రం చైన్ వదులవుతుంది. ఆ వదులును ఎప్పటికప్పుడు లాక్కోవడమే టెన్షనర్ పని. లోపల స్ప్రింగు ఉంటుంది. అది ఒక కడ్డీని ముందుకు తోస్తే, కడ్డీ వెళ్లి చైన్ పక్కనున్న బ్లేడును నొక్కుతుంది. కడ్డీ ముందుకే తప్ప వెనక్కి రాకుండా పళ్లో, మరలో అడ్డుంటాయి.

కాబట్టి ముందు టెన్షనర్ విప్పి చూడండి. ఇంజిన్ చల్లగా ఉండాలి. పిస్టన్‌ను కంప్రెషన్‌లో (రెండు వాల్వులూ మూసుకుని ఉండే దశ) పై చివరకు తెచ్చుకున్నాకే విప్పాలి, ఎలాగో కింద చెప్తాను. వెనక నడిమధ్య బోల్టు ఉంటే ముందు దాన్ని తీసి స్ప్రింగును బయటికి రానివ్వండి, పక్క బోల్టులు ఆ తర్వాత. చేతిలోకి వచ్చాక కడ్డీ ఎంతవరకు బయటికి వచ్చిందో చూడండి. దాదాపు చివరిదాకా వచ్చేసి ఉంటే చైన్ నిజంగానే అరిగింది, ఇక లాగడానికి టెన్షనర్‌కు చోటు లేదు. సగంలోనే ఉండి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోందంటే తప్పు టెన్షనర్‌దే. కడ్డీ పొడవు చూసే ఈ పరీక్ష, వెనక బోల్టు తీసి స్ప్రింగును ముందే బయటికి రానిచ్చే రకానికే వర్తిస్తుంది. మిగతా స్ప్రింగు రకాల్లో ఊడదీస్తుండగానే కడ్డీ ముందుకు వచ్చేస్తుంది. ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే రకమైతే ముందు ఆయిల్ లెవెల్ చూడండి. ఏ రకమైనా సరే, టెన్షనర్ బయట ఉన్నంతసేపూ కిక్, సెల్ఫ్ ముట్టుకోవద్దు. చైన్ పన్ను దాటిందంటే కథ మొదటికొస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయడం మేలు.

చైనే అరిగిందని తేలితే మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి ఒక్క విషయం చూడండి: చైన్ ఏ పక్కనుంది, దాని దాకా వెళ్లాలంటే ఏమేం తీయాలి? చాలా సింగిల్ సిలిండర్ బళ్లలో అది మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరుగుతూ కరెంటు పుట్టించే అయస్కాంత చక్రం) వెనక ఉంటుంది, కొన్నింట్లో క్లచ్ పక్కన. చైన్‌కు విప్పే లింకు ఉండదు కాబట్టి, అది మ్యాగ్నెట్ వెనక ఉంటే మ్యాగ్నెట్ తీయక తప్పదు. దానికి మీ మోడల్‌కు సరిపోయే పుల్లర్ (మ్యాగ్నెట్‌ను ఊడలాగే పనిముట్టు) కావాలి. అది లేకపోతే నా సలహా ఒక్కటే, ఈ పనిలో చేయి పెట్టకండి. సుత్తితో కొట్టో, స్క్రూడ్రైవర్‌తో ఎత్తో మ్యాగ్నెట్ ఊడదీసే వీడియోలు చూస్తే నాకు భయమేస్తుంది. ఊడొచ్చేది కనిపిస్తుంది, క్రాంక్ చివర మరలు పాడయ్యేది కనిపించదు. మ్యాగ్నెట్ కింద గాడిలో అర్ధచంద్రం ఆకారంలో చిన్న కీ ఉంటుంది. అది జారి నేలమీద పడితే వెతకడానికే అరగంట. పాత చైన్‌ను కోసి, కొత్తదాన్ని దానికి తగిలించి లాగి, రివెట్ కొట్టే అడ్డదారి కూడా ఒకటుంది. కోసేటప్పుడు రాలిన ఇనుప పొడి ఇంజిన్‌లో పడే ప్రమాదం, రివెట్ సరిగ్గా కూర్చుందో లేదో అనే అనుమానం, ఇవన్నీ తలకెత్తుకోవడం నాకైతే ఇష్టముండదు.

ఇక గుర్తుల సంగతి. మ్యాగ్నెట్ మీద సాధారణంగా రెండు గీతలుంటాయి, ఒకటి టి, ఇంకొకటి ఎఫ్. ఎఫ్ అంటే స్పార్క్ పడే చోటు. మనకు కావాల్సింది టి, అంటే పిస్టన్ పై చివరకు చేరే చోటు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. టి గీత కవర్ మీది చిన్న కిటికీలోని గాటుకు ఎదురుగా వచ్చాక రెండు రాకర్లనూ (వాల్వులను నొక్కే చేతులు) వేలితో కదిపి చూడండి. రెండూ కాస్త ఆడితే కంప్రెషన్‌లో ఉన్నట్టు. ఒకటి బిగుసుకుని ఉంటే క్రాంక్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. ముందే ప్లగ్గు తీసేసి ఉంచితే ఇంజిన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది.

ఇప్పుడు ఫోన్ తీయండి. క్యామ్ చక్రం మీది గీత, హెడ్ (సిలిండర్ పై భాగం) అంచు ఒకే మట్టంలో ఉన్నాయా అన్నది ఫొటోలో దొరకాలి. లెన్సు సరిగ్గా అంచు ఎత్తులోనే ఉండాలి. కొంచెం పైనుంచి తీస్తే గీత అంచుకు సూటిగా లేనట్టు కనిపిస్తుంది. బిగించేటప్పుడు ఆ ఫొటో చూసుకుని ఉన్నదాన్ని చెడగొట్టుకుంటారు. జూమ్ చేసి దూరం నుంచి తీస్తే ఈ తేడా తగ్గుతుంది.

విప్పే క్రమం గట్టిగా గుర్తుపెట్టుకోండి: ముందు టెన్షనర్, తర్వాతే క్యామ్ చక్రం. చక్రం విప్పేముందు చైన్ నడిచే గొయ్యిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులో బోల్టు పడితే తిన్నగా క్రాంక్ కేసులోకి పోతుంది. చైన్ కూడా లోపలికి జారిపోకుండా తీగతో కట్టేయండి. మ్యాగ్నెట్ కవర్ తీసేటప్పుడు ఆయిల్ కారే బళ్లే ఎక్కువ. ఎలాగూ కొత్త ఆయిల్ పోయాలి కనుక ముందే మొత్తం దింపేయండి.

పాత గైడ్ బ్లేడ్ల మీద చైన్ లోతుగా గాళ్లు కోసి ఉంటుంది, అవి తిరిగి పెట్టకండి. రెండు పళ్లచక్రాల పళ్లు కొక్కేల్లా వంగాయేమో చూడండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ త్వరగానే పోతుంది. కొన్ని మోడళ్లలో కింది గైడ్ తీయాలంటే హెడ్ కూడా ఎత్తాల్సి వస్తుంది. మాన్యువల్‌లో అలా ఉంటే పని పెద్దదైనట్టే, హెడ్ గ్యాస్కెట్ కూడా కొత్తది తెచ్చుకోవాలి.

బిగించేటప్పుడు అసలు కిటుకు, చైన్ వదులు ఏ వైపు ఉంచాలన్నది. టెన్షనర్ లేని వైపు చైన్ తీగలా బిగుసుకుని ఉండాలి, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. ఆ స్థితిలో కింద టి, పైన క్యామ్ గీత రెండూ కుదరాలి. ‘కాస్త అటూ ఇటూ ఉన్నా పరవాలేదులే’ అనుకునేవారికి చిన్న లెక్క. క్యామ్ చక్రానికి 32 పళ్లుంటే, ఒక్క పన్ను తేడాకు క్యామ్ 11.25 డిగ్రీలు జరుగుతుంది, క్రాంక్ లెక్కలో 22.5 డిగ్రీలు. అంత తేడాతో బండి స్టార్ట్ అయినా లాగుడు ఉండదు. కొన్ని ఇంజిన్లలో వాల్వ్ పిస్టన్‌కు తగలొచ్చు కూడా.

టెన్షనర్ కడ్డీని పూర్తిగా లోపలికి తిప్పి, ఆపి పట్టుకుని, బోల్టులు బిగించాక వదలాలి. చాలావాటిలో వెనక రంధ్రంలో సన్నని స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే లోపలికి పోతుంది. వదలగానే లోపల టక్కుమని చప్పుడు వినిపిస్తే బ్లేడును పట్టుకున్నట్టే.

కవర్లు మూసేముందు, మ్యాగ్నెట్ నట్టుకు సాకెట్ తగిలించి ఇంజిన్ తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో గట్టిగా అడ్డం తగిలితే అక్కడికక్కడ ఆపేయండి, బలం పెట్టొద్దు. రెండు చుట్ల తర్వాత గుర్తులు మళ్లీ కుదిరాయా అని చూసి, వాల్వ్ గ్యాప్ సరిచూసి, అప్పుడు ప్లగ్గు బిగించండి. సెల్ఫ్ కొట్టాలన్న తొందర ఎక్కువగా ఉండేది ఇక్కడే, ఇంజిన్లు పాడయ్యేదీ ఇక్కడే.

ప్రశ్న: ఇంజిన్ చప్పుడు రికార్డ్ చేస్తే ఏం పాడైందో చెప్తామనే యాప్‌లు ఉన్నాయి. ఏఐ చాట్‌బాట్ అయితే బోల్టు ఎంత బిగించాలో కూడా చెప్తోంది. నమ్మొచ్చా?

జవాబు: చప్పుడు విషయంలో ఫోన్ బాగా పనికొస్తుంది, తీర్పు మాత్రం మీ చెవిదే కావాలి. ఫోన్ కాల్‌లో మెకానిక్‌కు వినిపించాలనుకోకండి. కాల్స్‌లో మాట తప్ప మిగతా చప్పుళ్లను అణిచేసే ఏర్పాటు ఉంటుంది, కరకరే ముందు మాయమవుతుంది. వాయిస్ రికార్డర్‌లో తీసి, పావు వేగంతో వినండి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ 1,500 ఆర్‌పీఎంలో ఉంటే క్రాంక్ సెకనుకు 25 చుట్లు, క్యామ్ పన్నెండున్నర చుట్లు తిరుగుతాయి. ఒక ట్యాపెట్ (రాకర్, వాల్వ్ మధ్య గ్యాప్ సరిచేసే మర) వదులైతే క్యామ్ చుట్టుకొకసారి టిక్కుమంటుంది. పావు వేగంలో అది సెకనుకు మూడు సార్లు, గడియారంలా తప్పకుండా వినిపిస్తుంది. టైమింగ్ చైన్‌కు ఆ లయ ఉండదు. గలగలమంటూ ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరదూరంగా వస్తుంది, యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో పెరుగుతుంది.

టార్క్ అంకెల విషయంలో చాట్‌బాట్‌ను నమ్మకండి. ఒకే పేరుతో ఏళ్ల తరబడి వచ్చే మోడల్‌లో ఇంజిన్ మారిపోతూ ఉంటుంది. చాట్‌బాట్ ఏ ఏడాది బండి అని అడగకుండానే అంకె చెప్పేస్తుంది, అదీ ఎక్కడా తొణక్కుండా. మీ ఏడాది మాన్యువల్‌లో ఉన్నదే వాడండి. అల్యూమినియంలోకి దిగే 6 ఎంఎం బోల్టులు మామూలుగా 10 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటాయి, అంటే చాలా తక్కువ. పెద్ద టార్క్ రెంచ్‌లలో చాలావాటి స్కేలు 20 పైనే మొదలవుతుంది. వాటితో క్లిక్ వినిపించేలోపే మర పోతుంది. చిన్న సైజు రెంచ్ కొనుక్కోండి.

ప్రశ్న: టెన్షనర్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే బోల్టులు కాస్త వదులు చేసి, మురికి తుడిచి మళ్లీ బిగించాను. అప్పటి నుంచి ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ సన్నగా ఊళ వేస్తోంది. చైన్ పోయిందా?

జవాబు: ఇంకా పోలేదు, కానీ ఇలాగే నడిపితే పోతుంది. మీరు బోల్టులు వదులు చేసినప్పుడు టెన్షనర్ ఒళ్లు వెనక్కి జరిగింది, స్ప్రింగు కడ్డీని ఆ మేరకు ముందుకు తోసేసింది. కడ్డీ వెనక్కి రాదు కదా, మళ్లీ బిగించేసరికి ఆ కాస్త పొడవూ వెళ్లి చైన్ మీద పడింది. ఇప్పుడు చైన్ ఉండాల్సిన దానికంటే బిగుసుకుని ఉంది, గైడ్లను అరగదీస్తోంది. బండి తీయకండి. కంప్రెషన్ గుర్తుకు తెచ్చి, టెన్షనర్ పూర్తిగా ఊడదీసి, కడ్డీని లోపలికి తిప్పి, కొత్త గ్యాస్కెట్‌తో మళ్లీ పెట్టండి. ఆయిల్ చెమ్మ కూడా ఆ గ్యాస్కెట్‌తోనే ఆగుతుంది. సిలికాన్ పేస్టు దండిగా పూయకండి, లోపలికి ఉబికిన ముక్క ఆయిల్ దారికి అడ్డం పడుతుంది.

ప్రశ్న: చైన్ చప్పుడును, ఇంజిన్ అదురును కొలిచే యాప్ కోసం ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగించి తిరుగుతున్నాను. ఇప్పుడు కెమెరా ఫోకస్ వణుకుతోంది. సంబంధం ఉందా?

జవాబు: ఉండే అవకాశం ఎక్కువ. ఓఐఎస్ (ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్) ఉన్న కెమెరాలో లెన్సు చేతి వణుకుకు తగ్గట్టు కదిలేలా అమర్చి ఉంటుంది, ఇంజిన్ అదురు గంటల తరబడి పడితే ఆ అమరిక దెబ్బతింటుంది. యాపిల్ కంపెనీ 2021లోనే మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురు గురించి ఐఫోన్ వాడేవారిని ఇలా హెచ్చరించింది. అదురు కొలవాలంటే ఓఐఎస్ లేని పాత ఫోన్ ఏదైనా వాడండి, యాక్సిలరోమీటర్ అందులోనూ ఉంటుంది.