ఉద్యోగం, చదువు రెండూ లాగలేకపోతున్నా... ఏది మానేయను అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 33 ఏళ్లు. బీఎస్సీ కంప్యూటర్స్ చేసి పదేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నా. ప్రమోషన్ దాకా వచ్చేసరికి ప్రతిసారీ పీజీ లేదన్న మాట అడ్డొస్తోందని పోయిన జులైలో ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఆన్‌లైన్ ఎంసీఏలో చేరాను. మియాపూర్‌లో ఉంటాం, ఆఫీసు రాయదుర్గంలో, అమీర్‌పేటలో మెట్రో మారి వెళ్లి రావాలి. ఇల్లు చేరేసరికి ఎనిమిది. పాప ఒకటో తరగతి, దాన్ని పడుకోబెట్టి పదిన్నరకు లాప్‌టాప్ తెరిస్తే పదకొండు కొట్టేలోగా దాని మీదే తల వాల్చేస్తున్నా. డిసెంబర్‌లో ఐదు పేపర్లకు రెండే రాశాను, అల్గారిథమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్. అదే వారం ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్. అల్గారిథమ్స్ పోయింది. మావారు ఏమీ అనరు. అత్తమ్మ మాత్రం "ఇప్పుడెందుకమ్మా నీకీ అవస్థ" అంటారు, నా మంచికే అంటున్నారని తెలుసు, అయినా ఏడుపొస్తుంది. అసలు ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉందో లేదో అన్న టెన్షన్ వేరే. చదువు మానేయనా, ఉద్యోగం మానేసి రెండేళ్లు కూర్చుని చదువుకోనా?

— ఒక చెల్లి, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దమ్మా. చదువు మానొద్దు, ఉద్యోగం అసలే మానొద్దు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఎక్కడా నీకు చదువు మీద ఇష్టం తగ్గినట్టు కనిపించలేదు, అలిసిపోయినట్టు మాత్రమే కనిపించింది. కాబట్టి ముందు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ లెక్కలో ఈ కోర్సులకు ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. వీడియోలు, పుస్తకం, అసైన్‌మెంట్లు అన్నీ అందులోనే. నీ ఎంసీఏ 80 క్రెడిట్లు, అంటే 2,400 గంటలు. దీన్ని రెండేళ్లలో పూర్తి చేయాలంటే వారానికి 23 గంటలు కావాలి. పొద్దున వెళ్లి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే మనిషికి, ఒకటో తరగతి పాప ఉన్న తల్లికి, వారానికి 23 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నువ్వు నిద్రపోకుండా ఉన్నా సరిపోవు. నీలో పట్టుదల లేదని నువ్వు అనుకుంటున్నావు గానీ, ఆ లెక్క ఎవరు చేసినా కుదరదు.

అయితే ఇగ్నో ఈ ఎంసీఏకి రెండేళ్లు కనీస గడువుగా పెట్టి, నాలుగేళ్ల దాకా సమయం ఇస్తుంది. చేరేటప్పుడు అందరూ 'రెండేళ్ల కోర్సు' అనే మాటే గుర్తు పెట్టుకుంటారు, ఆ నాలుగేళ్ల సంగతి ఫెయిలైన వాళ్లదేమో అనుకుంటారు. కాదు, అది నీలాంటి వాళ్ల కోసమే ఉంది. నాలుగేళ్లకు పరిస్తే వారానికి పదకొండున్నర గంటలు. అమెరికాలో జార్జియా టెక్ 2014 జనవరిలో మొదలుపెట్టిన ఆన్‌లైన్ ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ చూడు, పది కోర్సులు, ఆరేళ్ల దాకా గడువు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సెమిస్టర్‌కి ఒకే కోర్సు తీసుకోవడం అక్కడ మామూలు విషయం. మన వాళ్లు కూడా చాలామంది అలాగే చదువుతున్నారు, వాళ్లను ఎవరూ వెనకబడ్డారని అనరు.

పదకొండున్నర ఎలా వస్తాయో నాకు తోచింది చెబుతాను, నీ ఇంటి పద్ధతికి మార్చుకో. రాత్రి చదువు పూర్తిగా ఆపేయ్. పాపతో పాటే పడుకో, వారంలో నాలుగు రోజులు ఐదింటికి లేచి ఒక గంట చదువు, అవి నాలుగు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు మెట్రోలో అరగంట చొప్పున ఐదు రోజులు, రెండున్నర. ఇగ్నో పాఠాలన్నీ వాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా ఉంటాయి కదా, ఫోన్‌లో కాకుండా ఒక్కో యూనిట్ ప్రింట్ తీయించి బ్యాగులో పెట్టుకో, ఫోన్ చేతిలో ఉంటే వాట్సాప్ మెసేజ్ ఒక్కటి చాలు ఆ అరగంట పోవడానికి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఏమీ చదవకు, కళ్లు మూసుకుని కూర్చో, ఆ విశ్రాంతి నీకు కావాలి. మిగిలిన ఐదు గంటలు శని, ఆదివారాల్లో పొద్దున పూట. ఆ సమయానికి పాప బాధ్యత మీవారిది. 'వీలైతే కాస్త చూడండి' అని కాదు, ఆ రెండు పూటలు ఆయనవే అని స్పష్టంగా అనుకోవాలి మీరిద్దరూ. ఏమీ అనని భర్త మంచివాడే, కానీ అనకపోవడం వేరు, పాపకు స్నానం చేయించి టిఫిన్ పెట్టడం వేరు. అడిగి చూడు, అడగక ముందే కాదంటారని అనుకోకు.

ఇంకో విషయం, పేపర్ల వరుస. మొదటి సెమిస్టర్‌లో ఉన్నవాటిలో అన్నిటికంటే కష్టమైన రెండిటినీ ముందు ఎత్తుకున్నావు! పదేళ్లు టెస్టింగ్ చేసిన మనిషికి సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పేపర్ రోజూ చేసే పనే, టెస్ట్ కేసుల గురించి పుస్తకం నీకు కొత్తగా చెప్పేది చాలా తక్కువ. జూన్‌లో అది, దానితో పాటు సైబర్ చట్టాల పేపరు రాయి. అది రెండు క్రెడిట్లదే. అల్గారిథమ్స్‌ని డిసెంబర్‌కి వదిలెయ్, రోజూ ఒక్క లెక్క చేతితో చేస్తూ ఆర్నెల్లు దానికే ఇవ్వు. ఇగ్నోలో ఒక పేపర్ మిగిలిందని తర్వాతి సెమిస్టర్‌కి వెళ్లనివ్వకుండా ఆపరు, ఏటా జూన్‌లో, డిసెంబర్‌లో మళ్లీ రాసుకోవచ్చు. రెండు పేపర్లు పాసయ్యాక మనసులో వచ్చే ధైర్యం వేరు, ఆ ధైర్యంతో కష్టమైనది మొదలుపెడితే సగం బరువు తగ్గుతుంది. అసైన్‌మెంట్ల దగ్గర కూడా జాగ్రత్త. వాటికి 30 శాతం, పరీక్షకు 70 శాతం. అసైన్‌మెంట్‌ని చివరి రెండు రోజులకు నెట్టి ఎక్కడి నుంచో దించేసేవాళ్లు చాలామంది. నువ్వు పాఠం చదివిన వారంలోనే దాని ప్రశ్నకు జవాబు నీ సొంతంగా రాసేయ్, పరీక్షకు అదే నీ నోట్సు అవుతుంది.

ఆఫీసు సంగతి చెప్పాలంటే నా అనుభవం ఒకటి చెప్పాలి. వరంగల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా పని చేస్తూ దూరవిద్యలో ఎం.ఏ. చదివాను. చదువుకుంటున్నానని తెలిస్తే పని మీద ధ్యాస లేదంటారన్న భయంతో పై అధికారికి చెప్పకుండా దాచాను. పరీక్షకు రెండు రోజుల ముందు సెలవు అడిగితే, ఆడిట్ నడుస్తోంది కుదరదన్నారు. నెల ముందు చెబితే ఇచ్చేవాడిని కదమ్మా అని కూడా అన్నారు. ఆ పేపర్ పోయింది, దానికోసం మరో ఏడాది ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు బాధే. అందుకే చెబుతున్నా, పరీక్షల తేదీల పట్టిక (డేట్‌షీట్) వచ్చిన రోజే మీ మేనేజర్‌కి మెయిల్ పెట్టు. 'ఫలానా తేదీల్లో నాకు పరీక్షలు, ఆ రెండు రోజులు సెలవు కావాలి, ఆ వారం రిలీజ్ ఉంటే నా భాగం ముందే ముగిస్తాను' అని రెండు వాక్యాలు చాలు. నోటిమాటగా చెబితే మర్చిపోతారు.

డిగ్రీ విలువ గురించి టెన్షన్ పెట్టుకోకు. యూజీసీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం, అనుమతి ఉన్న కోర్సు అయితే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2020 నాటి నిబంధనల్లోనే ఉంది, 2022 సెప్టెంబర్‌లో యూజీసీ మళ్లీ స్పష్టంగా ప్రకటించింది. ఉద్యోగం ఎందుకు మానొద్దన్నానంటే, పదేళ్ల అనుభవం చేతిలో పెట్టుకుని మధ్యలో రెండేళ్లు ఖాళీ చూపిస్తే, రేపు ఇంటర్వ్యూలో ఎంసీఏ గురించి కాదు, ఆ ఖాళీ గురించే అడుగుతారు.

అత్తమ్మ మాటకు నొచ్చుకోకు. ఆమెకు కనిపించేది లాప్‌టాప్ మీద తల పెట్టి పడుకున్న కోడలు. రాత్రి నువ్వు హాయిగా పడుకుని పొద్దున లేచి చదవడం మొదలుపెడితే ఆ మాట దానంతటదే తగ్గుతుందని నా నమ్మకం. జూన్ ఫలితాలు వచ్చాక నాకు రాయమ్మా, ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మేడమ్, నేను డిప్లొమా, బీటెక్ చేసి ఇంజినీర్‌గా పని చేస్తున్నాను. ఉద్యోగం చేస్తూనే పూర్తిగా ఆన్‌లైన్‌లో ఎంటెక్ ఇప్పిస్తామని, ఈ వారంలో ఫీజు కడితే రాయితీ అని ఒక కన్సల్టెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. కట్టమంటారా?

— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కట్టొద్దు బాబూ. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇంజినీరింగ్ డిగ్రీలకు యూజీసీ అనుమతి లేదు. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం కూడా ఆ నిషేధిత జాబితాలోనే ఉన్నాయి. అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఆ డిగ్రీలతో ప్రమోషన్లు తీసుకున్నవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో! మీకు ఆ గతి పట్టకూడదు. ఎంబీఏ, ఎంసీఏ లాంటి అనుమతి ఉన్న కోర్సు ఏదైనా చేరాలనుకుంటే, యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ విశ్వవిద్యాలయం పేరు, ఆ కోర్సు పేరు, మీరు చేరబోయే ఏడాది మూడూ ఉన్నాయో లేదో మీరే చూడండి, వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకండి. 2024 నుంచి ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి కోర్సుల్లో చేరాలంటే విద్యార్థి తన ఏబీసీ ఐడీతో (క్రెడిట్లు దాచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) డీఈబీ ఐడీ, అంటే ఆ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు, తీసుకోవాలి. దాని ఊసే ఎత్తకుండా ముందు డబ్బు కట్టమన్నవాళ్ల ఫోన్ ఇక ఎత్తకండి.