చర్చి వెబ్‌సైట్: కూల్చి కట్టాలా, బాగుచేస్తే చాలా?

ప్రశ్న: మా చర్చి వెబ్‌సైట్ చాలా పాతది. ఫోన్‌లో అక్షరాలు చీమతలకాయంత కనిపిస్తున్నాయి. కొన్ని పేజీల్లో తెలుగుకు బదులు ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం. ప్రసంగాల ఆడియో అసలు మోగడం లేదు. మొత్తం కొత్తగా చేయించాలా?

జవాబు: అక్కర్లేదు. ముందు సర్వర్‌లోని ఫైళ్లన్నీ, డేటాబేస్‌తో సహా, మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. ప్రతి పేజీ అడ్రసూ ఒక జాబితాగా రాసుకోండి. తర్వాత ఇది అవసరమవుతుంది.

అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయంటే పేజీలో వ్యూపోర్ట్ ట్యాగ్ (పేజీని తెర వెడల్పుకు తగ్గట్టు చూపమని బ్రౌజర్‌కు చెప్పే కోడు) లేకపోయి ఉండాలి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పున గీసి, తెరకు సరిపడా కుదిస్తుంది. ట్యాగ్ చేర్చగానే పాత టేబుళ్లు (పేజీని గడులుగా అమర్చిన పట్టికలు) తెర దాటి పక్కకు పొంగిపోతాయి, కంగారు పడకండి. వాటికి పిక్సెళ్లలో ఇచ్చిన వెడల్పులు తీసేసి, బొమ్మల గరిష్ఠ వెడల్పు 100 శాతం అని పెట్టండి.

గందరగోళ అక్షరాల సంగతి వేరు. ఆ పేజీలు యూనికోడ్ (ఏ పరికరంలోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) వాడుకలోకి రాకముందు వాడిన ఫాంట్‌లో టైపు చేసినవి. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెలుగు కనపడదు. ఫాంట్ పేరు మారిస్తే లాభం లేదు, పాఠాన్నే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక వత్తులు, వచన సంఖ్యలు ఒకరు కూర్చుని సరిచూడాల్సిందే. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. నోటో శాన్స్ తెలుగు లేదా మండలి ఫాంట్, 18 పిక్సెళ్ల సైజు, వరుసల ఎత్తు 1.7 పెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎత్తే ఉంచితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.

ఆడియోకు బహుశా ఫ్లాష్ ప్లేయర్ (బ్రౌజర్‌కు తగిలించే పాత ప్రోగ్రాం) వాడి ఉంటారు. 2020 చివరితో దానికి కాలం చెల్లింది. ఎంపీ3లు సర్వర్‌లోనే ఉంటే బ్రౌజర్ సొంత ఆడియో ప్లేయర్ పెడితే మోగుతాయి. మాటలకు 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) మోనో, అంటే ఒకే ఛానెల్, చాలు, అరగంట ప్రసంగం దాదాపు 14 ఎంబీకి దిగుతుంది. అసలు రికార్డింగులు మాత్రం చెరపకండి.

ఇక మొదటి పేజీ. పరుగెత్తే అక్షరాలు, సందర్శకుల లెక్క, తెరవగానే మోగే పాట, ఈ మూడూ మొహమాటం లేకుండా తీసేయండి. కొత్తగా వచ్చేవారు వెతికేది ఆరాధన వేళలు, చిరునామా, నొక్కగానే కాల్ కలిసే నంబరు. అవి వేలితో జరపకుండానే కనపడాలి. వేళలను పోస్టర్ బొమ్మలో పెట్టొద్దు. చూపులేనివారికి తెరమీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ప్రోగ్రాం దాన్ని చదవలేదు, వేళ మారినప్పుడల్లా బొమ్మ మళ్లీ చేయాలి.

పేజీల అడ్రసులు మారితే, ముందు రాసుకున్న జాబితా తీసి ఒక్కోదానికీ 301 రీడైరెక్ట్ (పాత అడ్రసుకు వచ్చినవారిని కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. లేదంటే ఇతరులు ఎప్పుడో పంచుకున్న ప్రసంగం లింకులన్నీ తెగిపోతాయి.

ప్రశ్న: ప్రార్థన విన్నపాలు సైట్‌లో అందరికీ కనిపించవచ్చా?

జవాబు: వద్దు. జబ్బులు, ఇంటి గొడవలు పేర్లతో సహా బయటపడి గూగుల్‌లోకీ ఎక్కుతాయి. ఫారం నింపితే పాస్టర్‌కు మాత్రమే చేరేలా పెట్టండి, సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో (పంపిన సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేని కనెక్షన్) ఉండాలి.